పెడ్నేకర్ కాకా కుర్చీ

షూటింగ్ రోజున గజానన్ పెడ్నేకర్ అందరికంటే ముందొచ్చి, తాను పడబోయే కుర్చీని రెండుసార్లు ఊపి చూసుకుంటాడు. యాభై ఏళ్లుగా మరాఠీ సినిమాల్లో పడుతూనే జనాన్ని నవ్వించాడు. ఈసారి గిర్గావ్‌ షూటింగ్‌కు కుర్ర డైరెక్టరు అతని బదులు పడటానికి డూపును తెచ్చాడు.

"డెబ్బై ఆరేళ్లు కాకా, నడుం విరిగితే?"

డూపు చక్కగా పడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు.

"వాడు పడాలని పడ్డాడయ్యా. పడకూడదనుకున్నవాడు పడితేనే నవ్వొస్తుంది," అంటూ పెడ్నేకర్ వెళ్లి, కెమెరా తిరుగుతుండగానే కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఒరిగింది. అతను మాత్రం టోపీ సర్దుకుంటూ, ఏమీ కానట్టు పెద్దమనిషి మొహం పెట్టుకునే నేలకు చేరాడు. నిచ్చెన మీద లైట్‌మన్ సావంత్ పకపకా నవ్వేశాడు. ఆ నవ్వు కూడా రికార్డయి టేకు పాడైంది.

"నీవల్ల కాకా మళ్లీ పడాలి," అని డైరెక్టరు సావంత్ మీద విసుక్కున్నాడు.

పెడ్నేకర్ ధోవతి దులుపుకున్నాడు. "వాణ్ణేమీ అనకు. ముప్పై ఏళ్లుగా నేను పడటం చూస్తున్నవాడే నవ్వు ఆపుకోలేకపోయాడు. నువ్వా డూపును ఇంటికి పంపెయ్," అని కుర్చీని తానే లేపి నిలబెట్టాడు.