బోర్డు మీద ఆదాయం

1982 జులై. రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసు, స్కాలర్‌షిప్ సెక్షన్లో గుమాస్తాని. ఏటా ఆ నెలలో నాది ఒకటే పాట: "దరఖాస్తు ముందు ఇవ్వండి, పన్ను కాగితాలు తర్వాత ఇద్దురుగాని." ఉద్యోగస్తులకు జీతం సర్టిఫికెట్ చాలు. చిక్కంతా వ్యాపారస్తులతోనే. వాళ్లు ఇన్‌కంటాక్స్ ఆఫీసులో రిటర్ను, అంటే ఏడాది ఆదాయం లెక్క, దాఖలు చేసేసరికి మా గడువు దాటిపోయేది. అందుకని అఫిడవిట్ తీసుకునేవాళ్లం. ఆదాయం సుమారుగా ఇంత అని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి ఇవ్వడమన్నమాట. ఈ ముక్క చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది.

తుని నుంచి సుబ్బారావుగారని బెల్లం వర్తకుడు వచ్చారు. కూతురు పద్మావతి మా దగ్గర బి.ఎస్సీ. మొదటి ఏడాది, హాస్టల్లో ఉంటోంది. కిందటేడు వర్షాలకు గోడౌన్ కారి సరుకంతా కరిగి నీరైపోయిందట. స్కాలర్‌షిప్ రాకపోతే పిల్లను చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోవడమే.

"రిటర్ను వేశాక ఇస్తానండి" అన్నారాయన.

"అప్పటికి మా జాబితా వెళ్లిపోతుందండి. అంచనా రాసివ్వండి, చాలు."

ఆయన రాయరు, లేవరు. వెనక క్యూ పెరుగుతోంది. నాకు విసుగొచ్చింది. "ఏంటండీ మీ అనుమానం?" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆయన గొంతు తగ్గించారు. "రిటర్నంటే ఆఫీసుకీ నాకూ మధ్య ఉండేదండి. ఈ అఫిడవిట్టు తునిలో చేయిస్తే సాయంత్రానికి బజారంతా తెలిసిపోద్ది. నష్టపోయానని తెలిస్తే రేపు సరుకు అరువెవరిస్తారండి?"

"అయితే ఇక్కడే నోటరీ దగ్గర చేయించండి. రాజమండ్రిలో మిమ్మల్నెవరు ఎరుగుదురు?"

ఆయన ముఖం తేటపడింది. ఆ మధ్యాహ్నమే తెచ్చిచ్చారు.

స్కాలర్‌షిప్ వచ్చింది. జాబితా నోటీసు బోర్డుకు అంటించాం. విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆదాయం, అన్నీ ఉండేవి అప్పట్లో. ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికని రూలు.

దీపావళి వెళ్లాక సుబ్బారావుగారు మళ్లీ వచ్చారు. కొట్టు మూసేశారట. బోర్డు చూసిన తుని కుర్రాడొకడు ఇంట్లో చెప్పాడు. వాళ్ల నాన్నే ఈయనకు సరుకిచ్చే షావుకారు. తిడతారని కాచుక్కూర్చున్నాను. తిట్టినా బాగుండేది. సంచిలోంచి రిటర్ను నకలు తీసి బల్ల మీద పెట్టారు.

"తర్వాత ఇమ్మన్నారు కదండి."

చూశాను. అఫిడవిట్లో రాసినదానికంటే ఆదాయం ఇంకా తక్కువ.

"అప్పుడు ఎక్కువ రాశారేంటండీ?"

"మరీ ఇంత తక్కువని రాయడానికి చెయ్యి రాలేదండి."

"అమ్మాయి చదువుకేం భయం లేదండి" అన్నాను. తలూపి లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "ఈ కాగితం కూడా బోర్డుకి అంటిస్తారాండి?" అని అడిగారు.

లేదండి అన్నాను.

ఆ సెక్షన్లోనే ఇంకా చాలా ఏళ్లు చేశాను. దరఖాస్తే ముందు, పన్ను కాగితాలు తర్వాత అని ఇప్పటికీ ఎవరడిగినా చెబుతాను. అందులో మార్పేమీ లేదు. కానీ మనిషి లేమిని అడిగి రాయించుకోవడం వరకే మా పని అని, దాన్ని గోడకెక్కించడం కాదని ఆయన వల్ల తెలిసింది. మరుసటేడు నుంచీ జాబితాలో ఆదాయం కాలమ్ కత్తెరతో కత్తిరించి అంటించేవాణ్ణి. రూలు ప్రకారం తప్పే. పైవాళ్లు ఒక్కరూ గమనించలేదు. ఆ బోర్డు ముందు నిలబడి తమ పేరు వెతుక్కునేది వాళ్లు కాదుగా.