మైనస్ ఎనభై ఫ్రీజరు

“రీసెర్చ్ పేపర్లో పేరు వేసేంత పని నువ్వేం చేశావు? ఆస్పత్రికి వెళ్లావు, శాంపిళ్లు తెచ్చావు. కాదనను. చివర్లో థాంక్స్ వేశాంగా.”

“ఆ ప్రోటీన్ అక్కడ పోగుపడిందని ముందు చూసిందెవరు?”

“చూడ్డం వేరు, రుజువు చెయ్యడం వేరు.”

తలుపు ఇవతల, ల్యాబ్ ఫ్రీజరు వెనక నేలమీద బోర్లా పడుకుని ఈ మాటలు విన్నాను. మొదటి గొంతు ల్యాబ్ పెద్దాయనది. రెండోది మా పిన్నిది. ఇద్దరూ ఒకే క్లాసులో చదువుకున్నారు. ఆయన ల్యాబ్ సంపాదించాడు, ఆవిడ అందులో ఉద్యోగం సంపాదించింది. నేను ఇంజినీరింగు రెండో ఏడాదిలో వదిలేసి ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసుకుంటున్నవాణ్ణి. ఫ్రీజరు చప్పుడు ఎక్కువైందని ఆ రోజు పిలిపించారు.

పిన్ని ఏదీ మరిచిపోదు. చిన్నప్పుడు తన జడ కత్తిరించిన పక్కింటి పిల్ల పాతికేళ్ల తర్వాత బస్సులో కనిపించి నవ్వితే, పిన్ని తన స్టాపు రాకముందే దిగిపోయింది. ఇంట్లో అందరూ నా చదువు గురించి నా ప్రాణం తీశారు. ఆవిడ మాత్రం, “వెధవ చదువు, పోనీలేరా” అంది. అందుకే నాకు ఆవిడంటే గురి.

నాలుగేళ్ల కిందట అమ్మ రొమ్ములో గడ్డ కోసి తీశారు. అమ్మను ఒప్పించి అందులో చిన్న ముక్క పిన్ని ల్యాబ్‌కి తెచ్చుకుంది. కొన్నాళ్లకు మా వంటింట్లో గట్టుమీద కూర్చుని తను చూసింది చెప్పింది. కణం పైపొర మీద కబురందుకునేది ఒకటి, లోపల పనిచేసేది ఇంకొకటి. రెంటికీ ముఖపరిచయం లేదు. మధ్యలో అడాప్టర్ ప్రోటీన్ దీన్నో చేత్తో, దాన్నో చేత్తో పట్టుకుని పక్కపక్కన నిలబెడుతుంది. సొంతంగా చేసే పనేమీ లేదు.

“అంటే పెళ్లిళ్ల పేరయ్య” అన్నాను.

“అంతే. మీ అమ్మ గడ్డలో పేరయ్యలు గుంపులుగా ఉన్నారు. పెరుగు, పెరుగు అనే కబురు ఆగడం లేదు.”

అమ్మ కోలుకుంది, మళ్లీ నన్ను తిట్టే ఓపిక వచ్చింది. పిన్ని మాత్రం ఆగలేదు. వార్డుల్లో తిరిగి, మంచాల పక్కన కూర్చుని, ఒక్కొక్కరినీ బతిమాలి ముక్కలు సేకరించింది. మైనస్ ఎనభై డిగ్రీల చలిలో ఉండే ఆ ఫ్రీజరు నిండింది అలాగే. ఇప్పుడు అచ్చుకు ముందు పేపరు చూసినవాళ్లు ఆ పరీక్షలు ఇంకోసారి చేసి చూపించమన్నారట. చెయ్యాలంటే ఆ ముక్కలే దిక్కు.

ఫ్రీజరులో కంప్రెసర్లు రెండు. ఒకటి దాదాపు చచ్చింది, రెండోది దాని బరువు కూడా లాగుతోంది. ఇలాంటప్పుడు అలారం మొత్తుకోవాలి. దాని నోట్లో దూది కుక్కి పైన టేపు అంటించారు. వీడియో మీటింగుల్లో పెద్దాయనకు ఆ కూత అడ్డమట, దూది ఆయనే తెప్పించాడట. ఫ్రీజరు ఇంకో నాలుగు రోజులు నడిస్తే గొప్ప. ఆగిందా, లోపలి ముక్కలన్నీ కరిగి పాడవుతాయి.

పిన్ని బయటికొచ్చి తలుపు మెల్లగా వేసింది. మొహం ఎర్రగా ఉంది. నేను సంగతంతా చెప్పాను. ఆవిడ గొంతుక్కూర్చుని దూదిని చాలాసేపు చూసింది.

కింది అంతస్తులో ఖాళీ ఫ్రీజరుంది, అన్నీ పట్టకపోయినా తన పెట్టె, అమ్మ ముక్క ఉన్న పెట్టె ఇప్పుడే దించేస్తానన్నాను.

“తీస్తే, ఇది ఆగిపోతుందని నాకు ముందే తెలుసని వాడు పసిగడతాడు.”

“మరి అమ్మది?”

“అక్క బతికే ఉందిగా.”

అందరూ బతికి లేరు కదా పిన్నీ అన్నాను. ఆ ముక్కలిచ్చిన వాళ్లలో కొందరు ఆవిడ చెయ్యి పట్టుకుని ఇచ్చారు. అది నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. లేచి ఫ్రీజరు తలుపు మీద అరచెయ్యి ఆనించింది. కళ్లలో నీళ్లు లేవు. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను.

“ఒరేయ్, వాడితో ఏమీ అనకు. సామాను రావాలని చెప్పి ఒక వారం నెట్టుకురా” అంది. “నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఈ ఒక్కటీ చెయ్యి.”