పత్తి కుప్ప మీద ఒకటి, రెండు, మూడు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున టీవీలో కుస్తీ సగంలో ఉండగా కరెంటు పోయేది. ఒకడు తాళ్ల మీదికెక్కి దూకబోతుంటాడు... టప్పున తెర నల్లబడేది. ఎవరు గెలిచారో చెప్పేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

అందుకని మేమే తేల్చేవాళ్లం.

లింగాల ఘనపూర్‌లో మా మేనమామ ఇల్లు మాకు రెండిళ్ల అవతల. టీవీ వాళ్లింట్లోనే ఉండేది. పత్తి ఏరే రోజుల్లో వాళ్ల ముందటి అర్ర నిండా పత్తి పోసేవాళ్లు... మా తలలకంటే ఎత్తుగా. అదే మా బరి. టీవీలో ఆగిన ఆట ఆ కుప్ప మీద పూర్తయ్యేది. అక్కడ గెలిచినవాడే టీవీలోనూ గెలిచినట్టు. వాడకట్టు పిల్లలంతా ఆ తీర్పు ఒప్పుకునేవాళ్లు.

పొడుగు జుట్టు పహిల్వాన్ వేషం యాదగిరిది. నా క్లాసువాడే... నాకు రెండింతలుండేవాడు. వాళ్లక్క చున్నీ తలకు కట్టుకుని జుట్టులా ఊపేవాడు. అవతలి పహిల్వాన్ ఎవరైనా సరే, ఆ వేషం నాది.

లెక్కపెట్టేది సుజాత, మామ కూతురు. కిందపడినవాడి భుజాలు పత్తికి ఆనగానే చేత్తో చరుస్తూ ఒకటి, రెండు, మూడు అనాలి. మూడు లోపల భుజం లేపితే ఆట ఇంకా ఉన్నట్టు.

యాదగిరి కింద పడితే "ఒకటీ..." అని జడ సర్దుకునేది. "రెండూ..." అని కిటికీలోంచి బయటికి చూసేది. ఈలోగా వాడు లేచి చున్నీ కూడా సవరించుకునేవాడు. నేను పడితే మాత్రం ఒకటిరెండుమూడు. అంతే.

"గిదేం లెక్కనే? నన్ను భుజం లేపనిస్తలేవు!"

"ఓడినోనికి నోరెక్కువ. పో బావా, మొఖం కడుక్కో పో. దూది దయ్యం లెక్క ఉన్నవ్."

ఒకసారి మామ కట్టె పట్టుకుని వచ్చాడు. "పత్తి మీద దుంకుతరార్రా! నల్లబడితే బేరగాడు మొఖం గూడ జూడడు!" ముగ్గురం దొడ్డిదారిన ఉరికాం. అంత హడావుడిలోనూ ఆమె యాదగిరి చున్నీ తీసుకుని వచ్చింది. నా చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

టీవీలోని జుట్టాయనంటే నాకు పడేది కాదు. యాదగిరి అంటే అంతకన్నా పడేది కాదు. ఓ రోజు కుళ్లు ఆపుకోలేక, "గదంతా ఉత్తదేనే. ఎవ్వలు గెలవాల్నో ముందే మాట్లాడుకుంటరట" అన్నాను.

"కొట్టుడు ఉత్తదే కావొచ్చు. పడుడు ఉత్తదా? నడుము ఎవనిది?" అంది సుజాత.

ఇప్పటికీ కుస్తీలు చూస్తాను. ఇప్పటివాళ్లు ఒంట్లో ఎముక లేనట్టు గాలిలో గిర్రున తిరుగుతారు. పడీ పడగానే లేస్తారు. అది నాకు నచ్చదు. దెబ్బ తిన్నవాడు కాసేపు పడి ఉండాలి. ఆ కాలంవాళ్లకు పడి ఉండడం తెలుసు.

పెద్దయ్యాక సుజాతతోనే నా పెళ్లయింది. ఉద్యోగం, కాపురం భూపాలపల్లిలో. చాలా ఏళ్ల తర్వాత ఒకనాడు పత్తి లోడు ట్రాక్టరు మా ముందు నుంచి పోతుంటే అడిగేశాను... వాడికి అంత నెమ్మదిగా, నాకు అంత తొందరగా ఎందుకు లెక్కపెట్టేదానివని.

"ఇంకా గదే వట్టుకున్నవా!" అని నవ్వింది. "ఆడు గంత బరువోడు. నీ మీద పడితే, ఆ దూదికి ఊపిరాడక నీకు దమ్మొచ్చేది. జల్ది లెక్కవెడితే నీ మీదికెల్లి జల్ది లేస్తడని."

"మరి వాడు కింద ఉన్నప్పుడు?"

"అప్పుడు మీద నువ్వే ఉంటివి గదా. ఊపిరాడుతనే ఉండె. తొందరేముండె?"

ఆమె చివరి రోజులు దవాఖానలో గడిచాయి. ఊపిరి బరువైంది. డాక్టరు బయటికి వచ్చి ఇక వదిలేద్దామన్న ప్రతిసారీ ఇంకొక్క రోజు అడిగాను. నా కోసం ఆమె తొందరగా లెక్కపెట్టింది. ఆమె కోసం నేను ఆ పని చేయలేకపోయాను.

దినాల నాడు యాదగిరి మహబూబాబాద్ నుంచి వచ్చాడు. అందరి ముందూ కళ్లు తుడుచుకుంటూ, "సుజాత నన్ను ఒక్కనాడన్న ఓడనియ్యలేదురా" అన్నాడు. ఆ రోజు కూడా నాకు అసూయే కలిగింది. ఆమె తన వైపే ఉండేదని అనుకుంటూ వచ్చాడు, అలాగే అనుకుంటూ వెళ్లాడు. అసలు సంగతి నేను చెప్పలేదు. ఆమె నాకొక్కడికే చెప్పిన మాట అది. వాడితో పంచుకోవడానికి మనసు రాలేదు.

పోయిన వారం జుట్టాయన మళ్లీ బరిలోకి దిగాడు. జుట్టు పలచబడింది, గడ్డం తెల్లబడింది. ఇక ఆడనని చెప్పి వెళ్లిన ప్రతిసారీ తిరిగి వచ్చాడు. ఈసారీ వచ్చాడు. జనమంతా లేచి నిలబడ్డారు. నేను ఫోను బోర్లించి పక్కన పెట్టాను. చిన్నప్పుడు కూడా అతన్ని చూసి ఇంతగా కుళ్లుకోలేదు.

యాదగిరీ, ఇది చదువుతావని తెలుసు. ఆమె అట్ల లెక్కపెట్టింది నీ కోసం కాదురా. ఏమనుకోకు.

ఇప్పుడు కరెంటు పోవడం లేదు. ఆట చూడకముందే ఎవరు గెలిచారో ఫోను చెప్పేస్తోంది. మాకు మాత్రం సగంలో ఆగిన ఆటలుండేవి... పూర్తి చేసుకోవడానికి పత్తి కుప్ప ఉండేది... లెక్కపెట్టడానికి ఒక మనిషి ఉండేది.

మీ ఆటల్లో లెక్కపెట్టింది ఎవరు? అందుబాటులో ఉంటే, ఎందుకలా లెక్కపెట్టారో ఇవాళే అడగండి. వాళ్లేమన్నారో కింద రాయండి... చదువుతాను.