డ్రిల్లు మాస్టారి ముందు పళ్లు

మా అక్కకి ఒకటే జబ్బు. నోరు కనిపిస్తే చాలు, అచ్చు తీస్తుంది.

ఆవిడ పళ్ల డాక్టరు. విరిగిన పళ్లకీ, ఊడిన పళ్లకీ అచ్చు తీస్తే ఎవరూ ఏమీ అనరు, అది ఆవిడ పని. మా అక్క నిక్షేపంలా ఉన్న పళ్లకి తీస్తుంది. ఇంటికి ఎవరైనా వస్తే చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చి, వాళ్లు తాగేలోగా లోపలికి వెళ్లి రబ్బరు గిన్నెలో గులాబీరంగు పొడి, నీళ్లు పోసి టపటపా కలుపుతుంది. ఆ చప్పుడు తెలిసినవాళ్లు వెంటనే చెప్పులు వెతుక్కుంటారు. తెలియనివాళ్లు పిండివంట ఏదో చేస్తోందనుకుని కాస్త సర్దుకు కూర్చుంటారు. అంతలోనే ముద్ద నింపిన ట్రే వాళ్ల నోట్లోకి వెళ్లిపోతుంది.

"కంగారు పడకండి. ముక్కుతో గాలి పీల్చండి. ఇంతకీ పిల్లలంతా కులాసాయేనా?" అని అడుగుతుంది అక్క.

"ఆవ్... ఊవ్..." అంటారు వాళ్లు.

"చాలా సంతోషం" అంటుంది.

బావ కూడా అలా దొరికినవాడే. పెళ్లిచూపులకని వచ్చాడు. పెద్దవాళ్లు మాటల్లో ఉండగా అక్క అతని నోట్లో ట్రే పెట్టేసింది. సరిగ్గా అప్పుడే మా పెదనాన్న "ఏం బాబూ, అమ్మాయి నచ్చిందా?" అన్నాడు. బావ ఊపిరాడక గబగబా తల ఊపాడు. ముహూర్తం ఖాయమైపోయింది. నిజానికి అప్పుడు తను మంచినీళ్లు అడిగానని బావ ఇప్పటికీ చెబుతాడు, అక్క దగ్గర లేనప్పుడు.

తీసిన అచ్చుల్లో సుద్దలాంటి తెల్లపొడి కలిపి పోస్తే పలువరస గట్టిగా తయారవుతుంది. అవి క్లినిక్కు అల్మారాలు నింపి, ఇంట్లో టీవీ మీదికి పాకి, చివరికి బట్టల బీరువాలోకి చేరాయి. ఒకసారి బావ చొక్కా కోసం సొరుగు లాగితే గ్యాసు బండ తెచ్చే మనిషి పలువరస ఇకిలిస్తూ ఎదురొచ్చింది. వాటిలో ఒక్కదాని మీదా పేరుండదు.

"పేర్లు రాసుకోవచ్చుగా అక్కా?" అన్నాను.

"ఎందుకురా? చూస్తే తెలియట్లేదూ, ఇది మీ హిందీ మేడం, ఇది కరెంటు మెకానిక్కు!"

అందరికంటే ఎక్కువ గొడవ పెట్టేది బావ వాళ్లమ్మ, అంటే మా అత్తయ్య. "ఇది ఇల్లా, వల్లకాడా? నా గదిలోకి ఒక్క పన్ను వచ్చిందా, నేను బయటికి పోతాను" అని అల్టిమేటం ఇచ్చేశారు. దాంతో ఇంట్లో పళ్లు లేని గది అదొక్కటే మిగిలింది. అచ్చు లేని మనిషిని నేనొక్కణ్ణే మిగిలాను. క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు ఇచ్చే ఉద్యోగం నాది. గిన్నె చప్పుడు వినబడిందంటే నాకు దగ్గో ఎక్కిళ్లో వచ్చేవి. ఒకరోజు రెండూ కలిపి తెచ్చుకున్నాను.

ఇక డ్రిల్లు మాస్టారి సంగతికొస్తాను. మా క్లినిక్కు వెనకే స్కూలు. అక్కడ ఆటలు నేర్పే ఆయన ఏనాడూ మెడలో ఈల వేసుకోలేదు. ఆయన పైవరస ముందు పళ్లు రెంటి మధ్యా చిన్న సందు ఉంది. నాలుక అక్కడ ఆనించి గాలి వదిలితే మైదానం ఆ చివరున్న పిల్ల కూడా నిటారుగా నిలబడాల్సిందే. పిల్లలే కాదు, వీధిలో సైకిళ్లు ఆగేవి. నేనూ ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణే. ఈ వయసులో కూడా ఆ ఈల వినబడితే టోకెన్లు కింద పడేసి అటెన్షన్‌లో నిలబడతాను.

అలాంటాయన ఒకరోజు వరస వంకర సరిచేస్తూ, పిల్లల మీదే చూపు పెట్టి పక్కకి నడుచుకుంటూ వెళ్లి, గబుక్కున తిరిగేసరికి గోలుపోస్టు ఎదురైంది. రెండు ముందు పళ్లూ వేర్లతో సహా పోయాయి.

మూతికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు.

"పళ్లు లేకపోయినా బతుకుతాను డాక్టరమ్మా. ఈల లేకుండా నా వల్ల కాదు. నిన్న ఇత్తడి ఈల ఊదాను. 'సార్, బస్సు బయల్దేరుతోందా?' అని పిల్లలు నవ్వారు. నా ఈల నాకు రాకపోతే ఉద్యోగం మానేస్తాను."

"మానెయ్యడమేంటి మాస్టారూ! నేను లేనూ?" అంది అక్క.

దవడ ఎముకలో రెండు చిన్న మరలు బిగించింది. ఎముక వాటిని గట్టిగా పట్టుకోవడానికి కొన్ని నెలలు ఆగాలి. ఆ తర్వాత వాటి మీద పింగాణీ పళ్లు తొడుగుతారు. "ఏం పరవాలేదు. ఒకప్పుడు మీ స్కూలు స్టాఫందరికీ అచ్చులు తీశాగా, మీదీ ఉంది. అచ్చం ఆ పళ్లే చేయిస్తాను" అని ధైర్యం చెప్పింది.

తీరా చూస్తే, ఆ ఒక్క అచ్చే లేదు.

ఇల్లంతా తిరగేశాం. బీరువాలు ఖాళీ చేశాం. మంచాల కింద బావ పాక్కుంటూ "ఇదా? ఇదా?" అని ఒక్కో దవడా బయటికి తోస్తుంటే, అక్క "కాదు, అది పోస్ట్‌మాస్టరు. కాదు, అది మీరే" అని పక్కన పెట్టేది. దొరకలేదు. ఈలోగా మరలు కుదురుకున్నాయి. ఇక లాభం లేదని, అక్క గుర్తున్నంత మటుకు చెప్పి ల్యాబులో పళ్లు చేయించింది.

అవి ముత్యాల్లా వచ్చాయి. కానీ మధ్యలో సందు లేదు! ల్యాబు ఆయనకి ఫోను చేస్తే, "సందు వదిలేస్తే మీకు చెడ్డపేరు వస్తుందని నేనే మూసేశానండీ" అని సంబరంగా చెప్పాడు. అతికించకుండా ఊరికే తొడిగి చూశాం. మాస్టారు ఊదారు. 'ఫూ' మంది. గోడ మీది క్యాలెండరు కాగితం కదిలింది, అంతే. ఆయన అద్దంలో చూసుకుని "ఎవరో పెళ్లికొడుకు పళ్లు తెచ్చి నాకు పెట్టారు" అన్నారు.

రెండోసారి సందు ఉజ్జాయింపుగా వదిలారు. మాస్టారు ఊదారు. మాకెవరికీ ఏమీ వినబడలేదు గానీ, వీధికుక్కలన్నీ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాయి. వాటిని వెళ్లగొట్టి వచ్చేసరికి మాస్టారు జేబురుమాలు మళ్లీ మూతికి అడ్డం పెట్టేసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి చుట్టాలొచ్చారు. అక్క గిన్నె తియ్యలేదు! చుట్టాలు అంత హాయిగా వెళ్లిపోవడం చూసి బావకి భయం వేసింది. "ఒరేయ్, మీ అక్కకి ఒంట్లో బాగాలేదేమో కనుక్కో" అని నన్ను తోశాడు.

"ఒక్క అచ్చు పోతే ఏమైందే? ఇంకా బీరువాల నిండా ఉన్నాయిగా" అన్నాను.

"నాన్న కట్టుడుపళ్లు గుర్తున్నాయా?" అంది అక్క. "గీత గీసినట్టు ఎంత బాగా కుదిరాయో! అవి పెట్టుకొచ్చి నవ్వితే అమ్మ ఏమంది? 'బాగానే ఉన్నాయండీ, కానీ ఎవరో నవ్వుతున్నట్టుంది' అంది. ఆ తర్వాత నాన్న నోరు మూసుకునే నవ్వారు. పాత పళ్ల అచ్చు ఒక్కటుంటే నాన్న నవ్వు నాన్నకి తిరిగొచ్చేదిరా. అందుకే నేను చదువు అవ్వగానే అనుకున్నా, బాగున్నప్పుడే అందరి నవ్వులూ తీసి దాచిపెట్టాలని. తీరా అవసరం పడ్డాయన నవ్వే పోగొట్టాను."

నాకు దగ్గొచ్చింది. ఈసారి నిజంగానే వచ్చింది.

అప్పుడే వంటింట్లోంచి అత్తయ్య కేక: "ఒరేయ్ అబ్బాయ్, మంచం పక్కన నా కళ్లద్దాలున్నాయి, పట్రా!"

బావ అత్తయ్య గదిలోకి వెళ్లి, చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఒక పలువరస ఉంది. దాని ముందు పళ్ల సందులో కాడ దూర్చుకుని అత్తయ్య కళ్లద్దాలు దర్జాగా నిలబడి ఉన్నాయి.

"మాస్టారు!" అని అక్క కెవ్వున అరిచి, కళ్లద్దాల కోసం వస్తున్న అత్తయ్య వైపు తిరిగింది. "అత్తయ్యా, ఇది మీ గదిలోకి ఎలా వచ్చింది?"

"నడిచొచ్చింది" అన్నారు అత్తయ్య.

"పళ్లు నడుస్తాయా?"

"ఏమో, డాక్టరువి నువ్వే చెప్పాలి." అంతలోనే ఇక దాచలేక బయటపెట్టేశారు: "కళ్లద్దాలు పెట్టుకోడానికి ఎంత వీలుగా ఉందో తెలుసా! మిగతావాళ్ల పళ్లలో కాడ ఇమడదు. అందరివీ పెట్టి చూశాను. తీసుకుపో, కానీ సరిగ్గా ఇదే సందుతో నాకు ఇంకోటి పోసిస్తేనే."

"రెండు పోసిస్తాను!" అని అక్క అత్తయ్యని వాటేసుకుంది. వెంటనే గిన్నె కోసం పరుగెత్తింది. బావ మొహం వెలిగిపోయింది, టపటప చప్పుడు విని అంత సంతోషించడం అదే మొదలు.

కొత్త పళ్లు అచ్చు ప్రకారం వచ్చాయి. మాస్టారు అద్దంలో చూసుకుని నవ్వారు. అది ఆయన నవ్వే. నాలుక ఆనించి గాలి వదిలారు. క్లినిక్కు అద్దాలు ఝల్లుమన్నాయి. వీధిలో సైకిళ్లు ఆగాయి. గోడ అవతల, ఆటల పీరియడు లేని పిల్లలు కూడా క్లాసుల్లోంచి పరుగెత్తుకొచ్చి మైదానంలో వరసలు కట్టారని తర్వాత తెలిసింది. మాస్టారు ఆ పళ్లు అతికించేదాకా ఆగడమే గగనమైంది.

ఆయన వెళ్లగానే నేను టోకెన్లు పక్కన పెట్టి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

"అక్కా, కలుపు" అన్నాను.

అక్క నమ్మలేదు. నా నుదురు పట్టుకు చూసింది. తర్వాత ఎంత ముద్ద కలిపిందంటే నాకు ముక్కుతో కూడా ఊపిరాడలేదు. గుమ్మంలో బావ, అత్తయ్య వేడుక చూస్తూ నిలబడ్డారు.

"కదలకు. ఇంతకీ నీకని అత్తయ్య చెప్పిన పెళ్లి సంబంధం సంగతేంట్రా? చూడమంటావా?" అంది అక్క.

నేను వద్దని చెయ్యి ఊపబోయాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల మైదానంలో మాస్టారి ఈల మోగింది. నా ప్రమేయం లేకుండానే తటాలున లేచి, ఛాతీ విరుచుకుని, గడ్డం పైకెత్తి నిలబడ్డాను.

"ఎంత హుషారో చూడు! ఒప్పుకున్నాడు" అన్నారు అత్తయ్య.

"ఊవ్!" అన్నాను.

"చాలా సంతోషం" అంది అక్క.