మా టీచరు రాయించుకున్న చీటీ

మా సైన్సు టీచరు పోయారు. ఆ మాట నాకు చెప్పింది ఎమ్మిగనూరు బస్సు కండక్టరు. ఆదోని బస్టాండులో టిక్కెట్లు కొడుతూ కొడుతూ, "మీ టీచరమ్మ నిన్న మద్యానం పోయినారంటమ్మా, కుర్చీలో కూసున్నట్టే" అన్నాడు. పదకొండు రోజుల కిందటే ఆమె ఇంట్లో ఉగ్గాని తిని, ఉప్పు ఎక్కువైందని వంక పెట్టి వచ్చినదాన్ని. నేను నమ్మలేదు. నమ్మకుండానే బస్సెక్కాను.

ఇల్లు చేరేసరికి గడప ముందు చాలా చెప్పులున్నాయి. లోపల ఆమె లేరు. పాడె లేదు, నిప్పు కుండ లేదు. వచ్చిన ఆడవాళ్ళు ఏడవాలో వద్దో తెలియక గోడలకు ఆనుకుని కూర్చున్నారు.

"కర్నూలుకు తీస్కపోయినారు పాపా. డాక్టరు సదువు సదివే పిల్లోళ్ళకని ఒళ్ళు రాసిచ్చిందంట. ఇట్లాంటిది నేను యాడా సూడలేదమ్మా" అంది పక్కింటి అవ్వ.

నేనూ చూడలేదు. ఆఖరిసారి ముఖమైనా చూడనివ్వలేదని ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, దాచడం దేనికి.

డెబ్బైలలో ఆదోనిలో మేం చదివిన ఆడపిల్లల బడికి ఆమె రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేవారు. వచ్చేటప్పుడు సగం, పోయేటప్పుడు సగం, రోజుకో డిటెక్టివ్ నవల. అద్దె పుస్తకాల కొట్లో తెచ్చుకుని, హెడ్మిస్ట్రెస్ కంట పడకుండా వాటికి ఏడో తరగతి సైన్సు పుస్తకం అట్ట తొడిగేవారు. తుపాకులు పేలే నవలలు ఆమెకు గిట్టవు. ఇద్దరు ముసలి పంతుళ్ళు వచ్చేవే కావాలి. ఒకాయన ఎముక చూసి అది ఎవరిదో చెప్తాడు. ఇంకొకాయన పటం చూసి అసలుదో నకలుదో చెప్తాడు. పోలీసులు చేతులెత్తేశాక వీళ్ళిద్దరూ కలిసి హంతకుణ్ణి పట్టుకుంటారు. మా టీచరు వాళ్ళనూ వదలలేదు. మార్జిన్లో పెన్సిలుతో రాసేవారు: "తప్పు. తొడ ఎముక ఇంత పొట్టిగా ఉంటే మనిషి నడవలేడు."

ఆ నవలలకు రెండో పాఠకురాలిని నేను. నాకు బొమ్మలు గీసే పిచ్చి ఉండేది. "నేను ఎముకల పంతులు, నువ్వు బొమ్మల పంతులు. ఇద్దరం కలిస్తే ఆదోనిలో దొంగనేవాడు మిగలడు పాపా" అనేవారు. ఆదోనిలో దొంగలు హాయిగానే బతికారు. మేం పట్టింది ఒకే ఒక్క కేసు.

మా సైన్సు గదిలో ఒక అస్థిపంజరం ఉండేది. నిజం మనిషిదే. దానికి పిల్లలు పెట్టిన పేరు కరువన్న. మా వైపు పిల్లలకు అంత బక్కమనిషిని చూస్తే ఇంకే పేరు తోస్తుంది? పత్తి మిల్లులు ఆడే రోజుల్లో కిటికీలోంచి దూది ఎగిరొచ్చి కరువన్న పక్కటెముకల్లో చిక్కుకునేది. మేం పండక్కి కరువన్నకు కండువా కప్పేవాళ్ళం. టీచరు కూడా నవ్వి ఊరుకునేవారు.

ఒక శనివారం ఆమె బస్సు దిగి, సంతకం కూడా పెట్టకుండా నేరుగా సైన్సు గదికి వచ్చారు. చేతిలో నవల, పేజీ మధ్యలో వేలు. నన్ను పిలిచి కరువన్న ముందు నిలబెట్టారు. నవల్లో ఎముకల పంతులు చేసినట్టే, తన బొటనవేలూ చూపుడువేలూ బాగా చాచి, కరువన్న నడుము కింద ఎముకలు రెండూ ముందువైపు కలిసే చోట, ఆ సందులో పెట్టి చూశారు. వేళ్ళు కొలిచినట్టు సరిపోయాయి. మగవాళ్ళకైతే ఆ సందు ఇరుకు, చూపుడువేలూ మధ్యవేలూ మాత్రమే పడతాయట. వంగి మోకాళ్ళ దగ్గర తడిమారు.

"పాపా, ఇది మగోడు కాదు. ఈడ ఎముక కొసలు ఇంకా అతుక్కోనే లేదు. ఇరవై గూడా నిండని పిల్ల."

"మరి చీటీ?" అన్నాను. స్టాండు చెక్క మీద 'పురుషుడు' అని చీటీ ఉంది. బొమ్మల పంతుల్ని కదా, అప్పుడు చూశాను. చీటీ ఒక కొస లేచి, కింద ఇంకో పొర కనబడుతోంది. తడిగుడ్డతో నానబెట్టి లాగాను. అడుగున ఇంకో చీటీ, దాని మీద 'స్త్రీ'.

అటెండరు తాతను పిలిచి అడిగితే ఆయన ఏమీ దాచలేదు. "మగమనిసిది గావాలని రాసినారమ్మా. వాళ్ళేమో ఆడమనిసిది పంపినారు. వాపసు పంపితే మళ్ళా యెన్నేండ్లకొస్తాదో అని, అప్పటి పెద్దసారు పైన ఇంగో చీటీ అంటీమన్నాడు. నేనే అంటిచ్చినా."

నేను పకపకా నవ్వాను. టీచరు స్టూలు మీద కూలబడ్డారు. "పదమూడేండ్లు పుల్ల పట్టుకోని ఈ పిల్లను మగోడని సూపిచ్చినా. చీటీ చదివినా గాని ఎముక చదవలేదు" అంటూ ఏడ్చారు. టీచర్లు ఏడుస్తారని నాకు అంతవరకు తెలియదు.

ఆ పిల్ల ఎవరో కనుక్కోవాలని అస్థిపంజరం పంపిన కంపెనీకి మూడు ఉత్తరాలు రాశారు. ఒక్కదానికే జవాబు వచ్చింది. విప్పితే కొత్త మైక్రోస్కోపుల పట్టిక. "నవలలో అయితే ఆఖరి పేజీలో పేరు తేలుతుంది. ఈ పిల్లకు ఆఖరి పేజీనే లేకుండా చేసినారు" అన్నారు. ఆ మాట తర్వాత కూడా చాలాసార్లు అన్నారు, బస్సులో, స్టాఫు రూములో, సందర్భం ఉన్నా లేకపోయినా.

అప్పట్నుంచి ప్రతి ఏడూ బడి తెరిచాక మొదటి సైన్సు క్లాసు ఆ గదిలోనే. "ఈమె పేరు మనకు తెలీదు. మీకు నాకన్నా ముందు ఈమే టీచరు. నమస్కారం పెట్టండి." కొందరు కిసుక్కుమనేవాళ్ళు. వాళ్ళ చేతే పక్కటెముకల్లో దూది తీయించేవారు.

నేను డ్రాయింగు టీచరునయ్యాను. నన్ను ఆ దారిన పెట్టింది ఆమే. పోయిన ఏడు ఆమె రిటైరయ్యారు. పదకొండు రోజుల కిందట, ఉగ్గాని గిన్నెలు తీసేశాక, ఒక దళసరి అట్ట నా ముందు పెట్టారు. "నీ దస్తూరి బాగుంటది, ఇండియన్ ఇంకుతో రాయి. అన్నిటికన్నా పైన 'స్త్రీ' అని పెద్దగా రాయి, మళ్ళా ఎవురూ పొరపడగూడదు" అని నవ్వారు. పాత కేసు గుర్తు చేస్తున్నారనుకుని నేనూ నవ్వాను. కింద ఆమె పేరు, పుట్టిన ఊరు పెద్దకడుబూరు, పని సైన్సు టీచరు. వయసు దగ్గర ఖాళీ వదలమన్నారు.

"ఇది దేనికో చెప్పు చూద్దాం, బొమ్మల పంతులూ?"

"బళ్ళో మీ ఫోటో కింద పెట్టడానికి. వయసు చెప్పడానికి మాత్రం సిగ్గు" అన్నాను.

ఆమె చాలాసేపు నవ్వారు. తప్పని మాత్రం చెప్పలేదు. అన్ని నవలలు చదివి, కళ్ళెదుట పెట్టిన క్లూ నేను పట్టుకోలేకపోయాను. ఆ రోజు పట్టుకుని ఉంటే వద్దని కాళ్ళు పట్టుకునేదాన్ని. అది ఆమెకు తెలుసు.

ఇప్పుడు ఆమె తమ్ముడు ఆ అట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెద్దకడుబూరులో పత్తి సేద్యం చేసే మనిషి, కబురు విని చేలోంచి అట్లే వచ్చేశాడు. "అక్క కాయితంలో రాసి పెట్టిందమ్మా. ఒళ్ళు ముందు పంపండి, చీటీ మాత్రం పాప వచ్చి నింపినాక పంపండి అని. ఎముకల కాడ పెడ్తామని కాలేజీవోళ్ళు ఒప్పుకున్నారంట."

ఆమె పేరు నేను ఇక్కడ రాయడం లేదు. అది ఉండవలసిన చోట ఉంటుంది.

కిటికీ దగ్గర ఆమె కుర్చీ, కుర్చీ మీద బోర్లించిన నవల, దాని పక్కన పెన్సిలు. నేల మీదే కూర్చుని ఇంకు సీసా తెరిచాను. వయసు దగ్గర ఖాళీలో 58 అని వేశాను. ఇంకు ఆరేదాకా ఆ అట్టను మధ్యలో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆయన కండువాకు అంటుకున్న దూది పోగు ఒకటి రాలి, తడి ఎనిమిది మీద పడింది. తీస్తే అంకె చెరిగిపోతుందని తీయలేదు. అట్లాగే ఆరిపోయింది.