కీ ప్రకారం

మా ఆవిడ తమ్ముడు ఎనిమిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. ఇరవై ఆరేళ్ళు అదే లిఫ్టు, అదే ఎత్తు స్టూలు. ఎక్కిన ప్రతివాడినీ "పైకా? కిందికా?" అని అడుగుతాడు కనుక అందరూ అతని అసలు పేరు మరిచిపోయి పైకాకిందికా అనే పిలిచేవారు. అదే భవనం రెండో అంతస్తులోని డిస్పెన్సరీలో నేను కాంపౌండర్ని.

తన తమ్ముడికి కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. నేనొప్పుకోను. అది కుడి అరికాల్లో ఉండేది. ఒళ్ళు మండితే ఆ కాలితో లిఫ్టు నేలను టకటకా కొట్టేవాడు. ఆ అదురుకి ఐదో అంతస్తులో టైపిస్టులు అక్షరాలు తప్పు కొట్టేవారు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఒకరోజు గోడ మీద కాగితం అంటించారు. లిఫ్టులకు మీటలు బిగిస్తున్నారట, ఇక నడిపే మనుషులు అక్కర్లేదట. పదో తరగతి స్థాయి లెక్కలు, ఫిజిక్సు కలిపి ఒకే పరీక్ష పెడతారట. ప్యాసైతే పైన మెషిన్ రూములో మెకానిక్కు, తప్పితే ఇంటికి. రెండో అవకాశం లేదు.

ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు నలభై అయిదో ఏట పుస్తకం పట్టుకుని మధ్యాహ్నం భోజనం వేళ నా దగ్గరికి వచ్చాడు. 

"నువ్వు కాన్వెంటులో చదివావుగా బావా. మైనస్సుని మైనస్సుతో హెచ్చిస్తే ప్లస్సెందుకవుతుంది?"

కాన్వెంటులో నేను శ్రద్ధగా నేర్చుకున్నది గోడ దూకడమొక్కటే. ఆ సంగతి బయటపెట్టకుండా, "ఇద్దరు దొంగలు పెళ్ళి చేసుకుంటే పుట్టేవాడు దొర అవుతాడు. అంతే" అన్నాను.

టక, టక, టక.

"ఎందుకని అడిగితే కథ చెబుతావేంటి? తెలీదని చెప్పడానికి నోరు రాదా? మా మేష్టారూ ఇంతే. ఎందుకండీ అంటే బెంచీ ఎక్కించేవాడు. నేను చదువు రాక మానెయ్యలేదు బావా, బెంచీ దిగనివ్వక మానేశాను."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆ నవ్వుకి ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

రెండు రోజులకి లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు నన్ను లోపలికి లాగాడు. "చూడు. దిగడం మైనస్సు. నిమిషానికి రెండంతస్తులు దిగుతున్నాననుకో. గడిచిపోయిన టైమూ మైనస్సే. మూడు నిమిషాల కిందట నేనెక్కడున్నాను?"

"ఆరంతస్తుల పైన."

"అదీ! కిందట... పైన! మైనస్సు, మైనస్సు, ప్లస్సు! ఈ ముక్క చెప్పడానికి ఆ మేష్టారికి బెత్తమెందుకు?"

సంతోషించాల్సిన చోట కూడా పళ్ళు కొరికాడు. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా దొరికిన జవాబు అది.

పరీక్ష రాశాడు. ప్యాసుకి ముప్ఫై అయిదు కావాలి, ముప్ఫై నాలుగొచ్చాయి. రెండు మార్కుల ప్రశ్న ఒకటి తప్పని కొట్టేశారు. ఒకే వేగంతో పైకి పోతున్న లిఫ్టులో తూకం మిషన్ మీద నిలబడితే బరువు ఎక్కువ చూపుతుందా, తక్కువా, అంతేనా? మావాడు 'అంతే' అని రాశాడు.

పేపరు పట్టుకుని ట్రైనింగు ఆఫీసరు గదికి వెళ్ళాం. నేను తోడు.

"బయల్దేరేటప్పుడు ఎక్కువుంటుంది సార్, నిజమే. ఆగబోయేటప్పుడు తగ్గుతుంది. మధ్యలో ఒకే స్పీడులో పోతుంటే మారదు. మారుతుందంటారా, ఎందుకు మారుతుందో చెప్పండి, వింటాను."

ఆఫీసరు తల ఎత్తలేదు. "హెడ్డాఫీసు పంపిన జవాబుల కీలో ఎక్కువ అనే ఉంది."

"ఎందుకు సార్?"

"కీలో ఉంది కాబట్టి."

"ఇరవై ఆరేళ్ళుగా నా కాళ్ళకి తెలుసు సార్..."

"పరీక్ష కాళ్ళతో రాయరయ్యా. తలుపులు తీసి మూసేవాడివి, నీకు చెబితే మాత్రం ఎక్కుతుందా? మార్కులు కీ ప్రకారమే. వెళ్ళు."

మావాడి కాలు కదల్లేదు. అదే నన్ను భయపెట్టింది. ఈసారి నాకే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండింది.

మర్నాడు పదకొండు గంటలకి ఆఫీసరు మీటింగు కోసం ఎనిమిదో అంతస్తుకి వెళ్ళాలి. అప్పటికే డిస్పెన్సరీలోని ముల్లున్న గుండ్రటి తూకం మిషన్ లిఫ్టులోకి చేర్చి, పక్కన నేను పుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

"డాక్టరుగారి ఆర్డరు సార్. ఆఫీసర్లందరి బరువూ రాయమన్నారు. ఎక్కండి" అన్నాను. నా ముఖంలో అబద్ధం కనిపించదు, అది దేవుడిచ్చిన వరం.

ఎక్కాడు. ఎనభై రెండు కిలోలు. నేను తరవాత నలుగురికీ తొంభై ఆరని చెప్పాను కానీ నిజానికి ఎనభై రెండే.

లిఫ్టు కదిలింది. ముల్లు ఎనభై ఎనిమిదికి ఎగిరింది, మరుక్షణం ఎనభై రెండుకి దిగి అక్కడే కూర్చుంది. రెండు, మూడు, నాలుగు అంతస్తులు దాటాం. ముల్లు కదలదు.

"చదవండి సార్" అన్నాడు మావాడు.

ఆఫీసరుకి అప్పుడర్థమైంది. "మిషన్ పాతది."

మావాడు ప్యానెల్లో ఉన్న తాళంచెవి తిప్పాడు. అయిదుకీ ఆరుకీ మధ్య లిఫ్టు ఆగింది. ముల్లు ఒకసారి కిందికి జారి మళ్ళీ ఎనభై రెండుకి వచ్చింది.

"ఏంటిది? పోనివ్వు!"

"ఆగి ఉంటే ఎంత సార్?"

"ఎనభై రెండు."

"ఇందాక పోతున్నప్పుడు?"

లిఫ్టు కోసం అంతస్తు అంతస్తునా గంటలు మోగుతున్నాయి. ఆఫీసరు జేబురుమాలు తీశాడు. "సరేనయ్యా, రెండు గ్రేసు మార్కులు వేస్తాను. ముప్ఫై ఆరు. ప్యాసు. ఇక పోనీ."

గండం గడిచిందనుకుని మావాణ్ణి మోచేత్తో పొడిచాను. "ఒప్పుకోరా!"

అప్పుడు లేచింది కాలు. ఆ దెబ్బకి మిషన్ ముల్లు వణికింది, ముల్లుతో పాటు మేమిద్దరం కూడా.

"ఎవడిక్కావాలి మీ గ్రేసు? ముష్టి వెయ్యమన్నానా? నా జవాబు రైటు. రైటని రాయండి. రైటు రాసి తప్పినవాళ్ళు నాతో పాటు ఇంకెంతమంది ఉన్నారో!"

"ఉద్యోగం పోతుందిరా" అన్నాను.

"పోనీ బావా. తప్పు ఒప్పుకుని ఉంచుకునే ఉద్యోగం నాకెందుకు?"

"కీ మార్చే అధికారం నాకు లేదయ్యా!" అని అరిచాడు ఆఫీసరు.

మావాడు ప్యానెల్లోంచి తాళంచెవి ఊడదీసి అతని ముక్కు ముందు ఆడించాడు. "మీ కీ మీ దగ్గరుంది, నా కీ నా దగ్గరుంది. ఇద్దరం కీ ప్రకారమే పోదాం."

నేను మూడు గంటలని చెబుతుంటాను కానీ పదకొండు నిమిషాలు. చివరికి ఆఫీసరు ఫైలు అట్ట వెనక రాశాడు: 'ఒకే వేగంతో పైకి పోతున్న లిఫ్టులో బరువు మారలేదు. స్వయంగా చూశాను.' సంతకం పెట్టాడు. కింద సాక్షి సంతకం నాది. అప్పుడు తిరిగింది తాళంచెవి.

ఆ అట్ట హెడ్డాఫీసుకి పంపాం. కీ సంగతి తేలకముందే మెమో వచ్చింది: 'అధికారిని లిఫ్టులో నిలిపివేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపండి.'

మావాడు దాన్ని రెండుసార్లు చదివాడు. "చూశావా బావా! 'ఎందుకు' అనే మాట వీళ్ళకీ వచ్చు. వాళ్ళు అడిగితే మెమో, నేను అడిగితే పొగరు."

జవాబు తనే రాశాడు, నన్ను కలం ముట్టుకోనివ్వలేదు. 'పోతున్న లిఫ్టులో బరువు తెలిసింది. ఆగిన లిఫ్టులో బరువు తెలియకపోతే దేనితో పోల్చాలి? అందుకు ఆపాను.'

ఎనిమిది రోజులు సస్పెండు చేశారు. పదిహేనో రోజున హెడ్డాఫీసు నుంచి సవరించిన కీ వచ్చింది. మావాడితో పాటు మరో ఇద్దరు ప్యాసయ్యారు. మెషిన్ రూములో చేరమని వచ్చిన కాగితం చేతికిచ్చాను. మావాడు దాన్ని పక్కన పెట్టి సవరణ కాగితం కింద చిన్న అక్షరాలు చదువుతున్నాడు. 'ముద్రణ దోషం వల్ల జరిగిన పొరపాటును సరిచేయడమైనది.'

టక, టక, టక.

"ఊరుకోరా! ఉద్యోగం వచ్చిందిగా!"

"ఊరుకుంటాను బావా. దోషం వాళ్ళ బుర్రలో ఉంటే ముద్రణలో ఉందని ఎందుకు రాశారో ఒక్కటి చెప్పు, ఊరుకుంటాను."