చింతపండు తాగిన అంబాసిడర్

ఆ రోజుల్లో కార్లకు కూడా మనుషుల్లాగే దాహం వేసేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, సూర్యాపేట నుంచి కోదాడ చేరేలోపు మా నాన్న అంబాసిడర్ రెండుచోట్ల ఆగి నీళ్లు తాగేది. ఎవరో వదిలించుకుంటుంటే ఈయన వదలకుండా కొనుక్కొచ్చిన పాత బండి అది. (కొనేముందు గొర్రెకు పళ్లు పట్టి చూసినట్టు దాని ముందున్న జాలీని ఒక్కో కమ్మీ తడిమి చూశాడట. గొర్లు కాసిన తాతల నాటి అలవాటు ఎక్కడికి పోతుంది!) నాకు కోదాడ బడిలో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, సోమవారం పొద్దున నన్ను దింపడం తన హక్కని పట్టుబట్టేవాడు. దారిలో బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. నాన్న తువ్వాలు తడిపి రేడియేటర్ మూత మీద కప్పి, "దూరం జరుగు బిడ్డా, బుస కొడ్తది" అనేవాడు. మేమింకా మలుపులో ఉండగానే మా అటెండరు, "మేడం గారు వచ్చేస్తున్నారండోయ్, పొగ కనపడుతుంది!" అని స్టాఫ్ రూమంతా వినేలా కేకేసేవాడట. నాకు తల కొట్టేసినట్టుండేది.

అమ్మ ఓపిక మాత్రం ఒక పెళ్లి ప్రయాణంలో అయిపోయింది. మూత తీయగానే తుప్పునీళ్లు ఎగిరి ఆవిడ పట్టుచీర మీద పడ్డాయి. "ఇగ ఒక్కసారి తొవ్వల ఆగిందనుకో, పాత ఇనుప సామానోన్ని నేనే పిలుస్త. అడ్డమొస్తే నిన్ను గూడ తూకమేయిస్త!" అంది. అన్నదంటే చేసే మనిషి. ఆ కోపంలోనే త్రిపురారంలో తమ్ముడింటికి పోతూ, "ఆయితారం తీస్కపోనీకి రా. నడుమల ఆగిందా, నీ బండి ఖతం" అని గడువు కూడా పెట్టింది. ఆ వారమంతా నాన్నకు ముద్ద దిగలేదు. పాపం, ఆ బండంటే ఆయనకు ప్రాణం.

మెకానిక్ చూసి, లోపలంతా సున్నం పేరుకుందన్నాడు. పేరుకోదా మరి! సిమెంటు కోసం మేళ్లచెరువు పోయినప్పుడల్లా నాన్న అక్కడి బోరునీళ్లే పట్టించేవాడు. సున్నపురాయి నేల నీళ్లు, గిన్నెలో కాగబెడితే అడుగున తెల్లగా పెచ్చు కడతాయి. ఆ సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, "రేడియేటర్ ఇత్తడిదే గదా బిడ్డా. ఇత్తడి బిందెను మీ అమ్మ దేంతోని తోముతది?" అన్నాడు. "చింతపండుతో" అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు. ఇద్దరం ఒకేసారి వంటింటి అటక వైపు చూశాం. అక్కడ ఏడాదికి సరిపడా చింతపండు కుండ ఉంది. పక్కింటివాళ్లు చారుకని నిమ్మకాయంత అడిగినా వంద ప్రశ్నలు వేసే అమ్మ సొత్తు అది.

గంగాళంలో నానబెట్టి నాన్న మోచేతుల దాకా పిసికాడు. అమ్మ పాత వాయిల్ చీరతో నేను వడగట్టాను. బండి చల్లగా ఉన్నప్పుడే కింద కుళాయి తిప్పి తుప్పునీళ్లన్నీ దింపేసి, పైనుంచి పులుసు పోసి ఇంజను నడిపించాం. కాసేపటికి వాడంతా ఘుమఘుమ. పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏందన్నా, వదిన ఊర్ల లేదు గదా, చారెవరు కాస్తున్నరు?" అంది. నాన్న తల ఎత్తకుండానే, "బండి కాస్తున్నది చెల్లె" అన్నాడు. చల్లారాక కుళాయి తిప్పితే పులుసుతోపాటు తెల్లతెల్లటి పెచ్చులు కొట్టుకొచ్చాయి. ఆ తర్వాత కింది నుంచి పైకి పైపుతో నీళ్లు కొట్టాం, తేటగా వచ్చేదాకా.

ఆదివారం త్రిపురారం నుంచి తిరిగొస్తుంటే అమ్మ వెనక సీట్లో జడ్జిగారిలా కూర్చుంది. నాన్న రోడ్డు కంటే వేడి ముల్లునే ఎక్కువ చూస్తున్నాడు. మిర్యాలగూడ దాటాం. ముల్లు కదల్లేదు గానీ, వాసన కదిలింది.

"ఏందయ్యా, చారు కాగుతున్నట్టున్నది?"

"ఎవరింట్లనో వండుతున్నరేమోనే."

"సుట్టూ పొలాలు పెట్టుకొని ఎవరిల్లయ్యా?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అమ్మ ఇంకో రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, చివరికి అంది: "పోపు మరిచిపోయినట్టున్నవ్."

నాన్న చూపు మళ్లీ ముల్లు మీదికే పోయింది. సూర్యాపేట వచ్చేసింది, ఎక్కడా ఆగకుండా! అమ్మ దిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసి, "బతికిపోయింది, పో" అంది. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటే తుడుచుకున్నాడో, ఇంకేమో. (ఆ ఏడాదంతా మాకు టమాట చారే. ఎవరం నోరెత్తలేదు.)

కథ అక్కడితో అయిపోలేదు. మరుసటి నెల మళ్లీ త్రిపురారం పోతున్నాం. మిర్యాలగూడ దగ్గర సాగర్ కాలువ గట్టు మీద మా బండి ఎప్పుడూ ఆగే చోటొకటుంది. బండి చల్లారేదాకా వాళ్లిద్దరూ అక్కడ కూర్చుని పల్లికాయలు తింటూ మాట్లాడుకునేవాళ్లు. ఇంట్లో గొర్లు, పొలం, వచ్చేపోయే చుట్టాలు. వాళ్లకు తీరిక దొరికేది ఆ గట్టు మీదే. ఆ రోజు బండి ఆ చోటు దాటి జోరుగా పోతుంటే అమ్మ అంది: "జర ఆపరాదయ్యా, బండి చల్లారుతది."

"వేడెక్కనే లేదు గదనే!"

"ఎక్కకుంటేంది, ఆపు."

నాన్న ఆపాడు. చూసే నలుగురూ నమ్మాలని బానెట్ కూడా ఎత్తి పెట్టాడు.

ఇప్పుడు నాన్న లేడు, ఆ బండీ లేదు. నా కారుకు దాహమన్నదే తెలియదు. పచ్చటి ద్రవమేదో ఒకసారి పోసి మూత బిగిస్తారు, అంతే. మొన్న అమ్మను త్రిపురారం తీసుకుపోతుంటే, కాలువ గట్టు రాగానే అమ్మ అటు తల తిప్పింది. కారు పక్కకు ఆపాను. బానెట్ తెరిచే మీట ఎక్కడుందో వెతుక్కోవడానికే కాసేపు పట్టింది. బైకు మీద పోతున్నాయన ఆగి, "ఏమైంది మేడం, హీటయిందా?" అన్నాడు. "అవునన్నా, జరసేపు ఆగితే చల్లారుతుంది" అన్నాను. ఆవిరి కోసం వెతికి, మా ఇద్దరినీ వింతగా చూసి వెళ్లిపోయాడు.

"అచ్చం మీ నాయినోలె అబద్ధమాడుతవ్" అంటూ అమ్మ కొంగులోంచి పల్లికాయలు తీసింది. నెరిసిన జుట్టేసుకుని, చల్లటి ఇంజను ముందు కాపలా నిలబడ్డ నన్ను చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. నాన్న గుర్తొచ్చి కళ్లూ నిండాయి. ఎండ ఎక్కుతోందని బానెట్ దించబోతే అమ్మ ఆపింది.

"ఉండనీ బిడ్డా, ఇంకా చల్లారలే."